పన్నెండో పెట్టెలో రంగు

పొద్దున వచ్చీ రాగానే పిచ్చుక చేసిన మొదటి పని, పన్నెండో పెట్టె కింద కుళాయి తిప్పి గాజు సీసాలో కాస్త ద్రవం పట్టుకుని గుమ్మం బయటికి పరుగెత్తడం. సీసాను ఎండకు అడ్డంగా పెట్టి చూసింది. 

నిన్నటికంటే మసకగా ఉంది.

లోపల ట్యూబులైట్ల కింద చూస్తే ఆ ద్రవం ఎప్పుడూ నీలంగానే కనబడి మోసం చేస్తుంది. ఎండలోకి తెస్తేనే నిజం చెబుతుంది. నియోడిమియం అనే లోహం స్వచ్ఛంగా ఉంటే గులాబీ రంగు. దాని కవలలాంటి ప్రాసియోడిమియం అందులో కలిసి ఉంటే, ఆ గులాబీకి పచ్చ తగిలి బురద తేలినట్టు అవుతుంది. ఆ కవలల్ని విడదీయడమే ఈ కంపెనీ పని. పాత మోటార్లలోంచి ఊడదీసిన అయస్కాంతాల్ని యాసిడ్‌లో కరిగించి, వరసగా పేర్చిన పన్నెండు ప్లాస్టిక్ పెట్టెల గుండా పంపిస్తారు. ఎదురు దిక్కు నుంచి, ఒక లోహాన్ని ఎక్కువగా లాక్కునే మందు కలిపిన కిరోసిన్ వస్తుంది. ఒక్కో పెట్టెలో రెండూ కలిసి, గిలకొట్టుకుని, నూనె నీళ్లలా విడిపోతాయి. పెట్టె పెట్టెకీ కవలలు కొంచెం కొంచెం దూరమవుతారు. పన్నెండో పెట్టె దాటేసరికి పూర్తిగా విడిపోవాలి.

"ఏంటమ్మా, పొద్దున్నే సీసా పట్టుకుని ఎండలో నుంచున్నారు? బుడగలు ఊదుతారా?" అన్నాడు పంపుల మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"నవ్వకు మేస్త్రీ. రంగు దిగిపోతోంది."

"పంపులు బంగారంలా తిరుగుతున్నాయమ్మా. నా మీదికి మాత్రం తోయకండి."

పంపులది తప్పు కాదని పిచ్చుకకీ తెలుసు. యాసిడ్ మార్చి చూసింది, కిరోసిన్‌లో మందు మార్చి చూసింది, పెట్టెలు విప్పి కడిగించింది. ఏం చేసినా రంగు దిగుతూనే ఉంది. ఇవాళ మధ్యాహ్నం ప్రభుత్వం తరఫున పరిశీలకురాలు వస్తుంది.

కీలక ఖనిజాల శుద్ధికి కొత్త పద్ధతులు కనిపెట్టేవాళ్లకి ప్రభుత్వం గ్రాంటు ఇస్తోంది. మొదటి విడతలో వచ్చిన డబ్బుతోనే ఈ పన్నెండు పెట్టెల వరస కట్టారు. అప్పుడు వచ్చిన ఫలితం చూసి కమిటీలో వాళ్లు కుర్చీల్లో ముందుకు జరిగారట. రెండో విడత వస్తే అసలు ఫ్యాక్టరీ కట్టొచ్చు. షరతు ఒక్కటే. అదే స్వచ్ఛత మళ్లీ, పరిశీలకురాలి కళ్ల ముందు రావాలి. రాకపోతే కంపెనీ మూతపడుతుంది. కంపెనీ అంటే అక్క. ఇలాంటి లోహాలే శుద్ధి చేసే పెద్ద ఫ్యాక్టరీలో పదేళ్లు కెమిస్టుగా చేసిన ఉద్యోగం వదిలేసి, ఈ అద్దె షెడ్డులో కంపెనీ పెట్టింది. చెల్లెల్ని చదివించింది, ఈ పెట్టెల లైన్ చేతికిచ్చింది. పిచ్చుక అన్న పేరు కూడా అక్క పెట్టిందే. చిన్నప్పుడు ఒక్క చోట కుదురుగా ఉండేది కాదు మరి.

ఒకవేళ కొలిచే మిషనే తప్పు చెబుతోందేమో? ఆ చిన్న ఆశతో పిచ్చుక ల్యాబ్ అల్మారా తెరిచింది. మొదటి విడతలో కమిటీకి పంపిన సీసాకి జోడీ సీసా ఒకటి సీలు వేసి దాచారు. సీలు విప్పి, రెండు చుక్కలు తీసి మిషన్‌కి పెట్టింది.

అప్పట్లాగే వచ్చింది అంకె. మచ్చలేని స్వచ్ఛత. అంటే మిషన్ తప్పు లేదు.

స్క్రీన్ ఆపేయబోయి, కింద వరసగా ఉన్న మిగతా లోహాల మీద చూపు పడింది. అప్పుడు ఆ వరసలు ఎవరూ చూడలేదు. కావాల్సిన అంకె బాగుంటే మిగతావి ఎవరికి కావాలి? ఇప్పుడు చూసింది. కోబాల్ట్ దగ్గర సున్నా.

మళ్లీ చూసింది. సున్నానే.

మోటారు అయస్కాంతాల్లో కోబాల్ట్ ఉంటుంది. ఎంత వడగట్టినా వేలిముద్రలా ఒక జాడ మిగులుతుంది. ఈ వారంలో తీసిన ప్రతి శాంపిల్‌లోనూ ఉంది. కమిటీకి పంపిన సీసాలో మాత్రం లేదు. అంటే ఆ సీసాలో ఉన్నది అయస్కాంతంలోంచి వచ్చింది కాదు.

ఎవరో మార్చారు. ఆ సీసాలకి సీలు వేసింది, పట్టుకెళ్లి కమిటీకి ఇచ్చి వచ్చింది ఒక్కడే, బావ.

*

బావ స్టోరు గదిలో నీలం డ్రమ్ముల పక్కన నిలబడి ఫోన్‌లో ఎవరితోనో బేరమాడుతున్నాడు. కంపెనీలో కొనడం, అమ్మడం, బతిమాలడం, బెదిరించడం అన్నీ ఆయనవే. పిచ్చుక ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"ఏమ్మా మరదలా, పొద్దున్నే దొంగతనాలు మొదలెట్టావా?"

"దొంగతనం ఎవరిదో చెప్పు బావా. మొదటి విడత సీసా ఎందుకు మార్చావు?"

"ఏ సీసా?"

"నటించకు. అందులో ఉన్నది మన సరుకు కాదు. బయట కొన్నది."

బావ మొహంలో నవ్వు పోయింది. "చూడు. నేను అబద్ధాలు ఆడతాను, ఒప్పుకుంటా. రేటు దగ్గర ఆడతా, డెలివరీ తేదీ దగ్గర ఆడతా. వంట అదిరిందని మీ అక్కతో రోజూ ఆడతా. కానీ మీ రంగు నీళ్లలో ఏది అసలో ఏది నకిలీయో నాకు తెలిస్తే కదా మోసం చెయ్యడానికి! మీ అక్క సీసా ఇచ్చింది, నేను లక్క పోశాను, పట్టుకెళ్లి ఇచ్చాను. దారిలో టీ తాగడానికి కూడా ఆగలేదు."

ఆయన చేతులు వణుకుతున్నాయి. అబద్ధమాడేటప్పుడు బావ చేతులు వణకవు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు.

పిచ్చుక చూపు ఆయన మీద నుంచి పక్కనున్న నీలం డ్రమ్ముల మీదికి జరిగి అక్కడే ఆగిపోయింది.

"ఇవేంటి?"

"నన్నడుగుతావేంటి? మీ తోడే. మిగిలిపోయింది."

తోడు. లైన్‌లో అందరూ అలాగే అంటారు. ఖాళీ పెట్టెలతో మొదలుపెడితే లైన్ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అందుకని పాలల్లో తోడు వేసినట్టు, బయట కొన్న స్వచ్ఛమైన ద్రావణం ముందే పెట్టెల నిండా పోసి మొదలుపెడతారు. అక్క పాత ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన అలవాటు అది. ఎవరూ దాచలేదు, ఎవరూ అనుమానించలేదు.

పిచ్చుక పక్కనున్న మెట్టు మీద కూలబడింది.

"ఎవరూ మార్చలేదు బావా," అంది మెల్లగా. "అప్పుడు లైన్ కొద్ది రోజులే నడిపాం. పన్నెండో పెట్టెలోంచి వచ్చింది మనం పోసిన తోడే. మన సరుకు ఇంకా అక్కడి దాకా రానే లేదు. ఈసారి ఎక్కువ రోజులు నడిపాం. తోడు అయిపోతోంది. రంగు దిగడం లేదు బావా, మన రంగు ఇప్పుడు బయటపడుతోంది."

*

అక్క తన గదిలో పరిశీలకురాలికి చెప్పాల్సిన మాటలు అద్దం ముందు చెప్పుకుంటోంది. పిచ్చుక చెప్పినంతసేపూ కదల్లేదు. చెప్పడం అయ్యాక కిటికీ రెక్క తీసి, పెట్టెల వరస కేసి చూస్తూ ఉండిపోయింది.

"ఆ ఫ్యాక్టరీలో లైన్ ఒకసారి మొదలైతే ఏళ్ల తరబడి ఆగదు," అంది చివరికి. ఆ గొంతు అక్కది కానట్టుంది. "తోడు ఎప్పుడు కొట్టుకుపోయిందో ఎవరికీ పట్టేది కాదు. ఇక్కడ... నాకు తట్టలేదే పిచ్చుకా. ఒక్కసారి కూడా తట్టలేదు."

గుమ్మంలో నిలబడ్డ బావ గొంతు సవరించుకున్నాడు. "తట్టలేదు, సరే. ఇప్పుడేం చేద్దాం? ఆ జల్లెడ ఇంకాసేపట్లో వచ్చేస్తుంది."

పరిశీలకురాలికి ఆయన పెట్టిన పేరది. ఏ కంపెనీకి వెళ్లినా అన్నీ జల్లించి గానీ వదలదని ఆవిడకి పేరు.

"స్టోరులో రెండు డ్రమ్ములున్నాయి," అన్నాడు బావ, ఎవరి కళ్లలోకీ చూడకుండా. "చివరి పెట్టెల్లో పోస్తే..."

"బావా!"

"అనుకుంటున్నానంతే! మాట అనుకోవడం కూడా నేరమా? బయట పనిచేసేవాళ్ల మొహాలు ఒకసారి చూడు. ఫలితం తక్కువొస్తే రేపు వాళ్లకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు. ఫ్యాక్టరీ కట్టాక మందు మార్చుకుందాం, పెట్టెలు పెంచుకుందాం. ముందు గడప దాటనివ్వు."

అక్క కిటికీ మూసింది. "ఆ డ్రమ్ముల మూత ఎవరూ ముట్టుకోవద్దు. ఆవిడకి నేనే చెప్తాను. నా నోటితో నేనే. పిచ్చుకా, నువ్వు మధ్యలో దూరకు. సరేనా?"

"సరే అక్కా."

పిచ్చుకకి ఏడుపొచ్చినంత పనైంది. అక్క అక్కే.

*

పరిశీలకురాలు చెప్పిన వేళకే వచ్చింది. సన్నగా, పొట్టిగా, మడమల్లేని చెప్పులతో. భుజానికి గుడ్డ సంచి.

"కాఫీ తీసుకుంటారా మేడమ్?" బావ ఒంగిపోయాడు.

"ఎవరి దగ్గరా తాగను. తాగితే మొహమాటం వస్తుంది," అందావిడ. "లైన్ ఎటు?"

అక్క ముందు నడిచింది. భోజనాల వేళ అయ్యాక కోటు మార్చుకున్నట్టుంది, తెల్లగా మెరిసిపోతోంది. మొదటి పెట్టె దగ్గర నుంచి ఒక్కొక్కటీ చూపిస్తూ చెబుతూ పోయింది. ఎంత బాగా చెబుతుందో! మందు ఏమిటి, పాతవాళ్ల మందుకంటే ఎందుకు మేలు, యాసిడ్ ఎంత మిగులుతుంది. పరిశీలకురాలు అడ్డు ప్రశ్నలు వేస్తోంది, అక్క తడుముకోకుండా జవాబులిస్తోంది. వెనక నడుస్తూ పిచ్చుక ఎదురు చూస్తోంది. ఇప్పుడు చెబుతుంది. ఐదో పెట్టె దగ్గర చెబుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు అక్క ఒక్క క్షణం ఆగి నోరు తెరిచింది. ఆఁ, చెబుతోంది అనుకుంది పిచ్చుక. "జాగ్రత్త మేడమ్, మెట్టు జారుతుంది," అంది అక్క.

పన్నెండో పెట్టె వచ్చేసింది.

"శాంపిల్ నేనే పడతాను," అంది పరిశీలకురాలు. "మీ సీసాలు వద్దు. నావి తెచ్చుకున్నాను." సంచిలోంచి సీసా తీసి, కుళాయి కింద పెట్టి నింపుకుంది. ట్యూబులైటు కింద నీలంగా ఉంది. ఆవిడ దాన్ని అక్కడ చూడనే లేదు. తిన్నగా గుమ్మం దాటి ఎండలోకి నడిచింది. ఎండలోనే చూడాలని ఆవిడకీ తెలుసు.

సీసా ఎత్తింది.

గులాబీ. కడిగిన ముత్యంలా, ఏ మచ్చా లేని గులాబీ.

పొద్దున్నుంచి ఇప్పటికి ఆ రంగు రావడం అసాధ్యం. పిచ్చుక గిర్రున బావ వైపు తిరిగింది. చెప్పినా వినలేదన్నమాట! కానీ బావ మొహం పాలిపోయి ఉంది. ఆయన నోరు తెరుచుకుని సీసా వంకే చూస్తున్నాడు. పిచ్చుక చూపు తగలగానే రెండు అరచేతులూ ఖాళీగా చూపించి, నేను కాదు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు చూసింది. అక్క కోటు మార్చుకుంది గానీ బూట్లు మార్చుకోలేదు. తెల్లటి గుడ్డ బూట్ల ముందు భాగం తడిసి ఉంది. ఎండలో ఆ తడి లేత గులాబీ రంగులో మెరుస్తోంది.

"బాగుంది," అంది పరిశీలకురాలు. ఆ మాట ఆవిడ నోట ఎంత అరుదో బావ చాలాసార్లు చెప్పాడు. మూత బిగిస్తూ పిచ్చుక వైపు తిరిగింది. "లైన్ చూసేది మీరేగా? మొదలైనప్పటి నుంచీ ఇదే రంగా?"

ఎంత చిన్న ప్రశ్న! ఔను అంటే చాలు. ఆ సీసా సంచిలోకి పోతుంది. రెండో విడత వస్తుంది. మేస్త్రి, యాసిడ్ గదిలో వాళ్లు, అందరూ ఉంటారు. అక్క ఉంటుంది. తర్వాత? పన్నెండు పెట్టెలు రెండొందలవుతాయి. ఈ డ్రమ్ములు లారీలవుతాయి. లైన్ ఆగకుండా నడిచినన్నాళ్లూ ఎవరో ఒకరు చివరి పెట్టెల్లో దొంగచాటుగా తోడు పోస్తూనే ఉండాలి. అంత తోడు ఎక్కడ దొరుకుతుంది? పోసేది ఎవరు? లైన్ చూసే మనిషే పోయాలి. అంటే తనే.

"మధ్యలో దూరకన్నాను," అక్క గొంతు వినీ వినపడకుండా వచ్చింది. బతిమాలుతున్నట్టుంది. అక్క బతిమాలడం పిచ్చుక పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు.

"కాదు మేడమ్," అంది పిచ్చుక. "పొద్దున్న ఈ రంగు లేదు."

లోపల పంపులు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అందులో ఉన్నది మాది కాదు. కొన్నది. లైన్ మొదలుపెట్టేటప్పుడు పెట్టెల్లో పోస్తాం. మొదటి విడతలో మీకు వచ్చిందీ అదే. అప్పుడు మాకు తెలీదు. నిజంగా తెలీదు మేడమ్. ఇవాళే తెలిసింది."

"మరి ఇవాళ్టిది?"

పిచ్చుక చూపు అక్క బూట్ల మీదికి పోయింది. ఆ ఒక్క మాటా తన నోటితో అనలేకపోయింది.

"ఇవాళ్టిది నేనే పోశాను," అంది అక్క. "తెలిసే పోశాను."

పరిశీలకురాలు సీసా మూత ఇంకోసారి బిగించింది. "కూర్చోవడానికి ఏమన్నా ఉందా?" అంది. బావ పరుగున వెళ్లి స్టూలు తెచ్చాడు. ఎండలోనే కూర్చుందావిడ, సీసా ఒళ్లో పెట్టుకుని. అలా కూర్చుంటే జల్లెడలా లేదు. కాళ్లు నొప్పులున్న పెద్దావిడలా ఉంది.

"మీ అసలు రంగు ఏదీ?"

పిచ్చుక పొద్దున పట్టిన సీసా జేబులోంచి తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. బురద గులాబీ. పొద్దుటికంటే కూడా మసకగా కనబడింది పిచ్చుకకి.

"నా కళ్ల ముందు పట్టింది కాదు కాబట్టి ఇది నాకు పనికిరాదు," అంటూ తిరిగి ఇచ్చేసింది. "పోసింది కొట్టుకుపోవడానికి ఎంత సేపు?"

"రేపు సాయంత్రం అవుతుంది మేడమ్," అంది పిచ్చుక.

"రేపు నేను ఇంకో ఊళ్లో ఉంటాను." లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "చూసింది రాస్తాను. విన్నదీ రాస్తాను. మొదటి విడత కూడా మళ్లీ తిరగేస్తారు. దానికి సిద్ధంగా ఉండండి." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. అక్క బూట్ల వైపు చూసింది, మొహం వైపు చూసింది. "మీరు లైన్ గురించి చెప్పింది చాలా బాగుంది. అందుకే నాకు కోపంగా ఉంది," అని వెళ్లిపోయింది.

*

కారు చప్పుడు దూరమైంది.

"ఒకే రోజు రెండుసార్లు దొంగనయ్యాను," అన్నాడు బావ ఆ స్టూలు మీదే కూలబడుతూ. "రెండుసార్లూ నేను కాదు. ఇంత నిజాయితీ నా ఒంటికి పడదు." ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

అక్క తిన్నగా పిచ్చుక ముందుకి వచ్చింది. చెయ్యెత్తుతుందేమో అనుకుంది పిచ్చుక.

"నేనే చెప్తానన్నానా లేదా?"

"చెప్పలేదుగా అక్కా."

"మెట్ల మీద నోరు తెరిచాను. చూశావుగా, తెరిచాను. రాలేదు." అక్క తన చేతుల వంక చూసుకుంది. "పోసింది కూడా నేనేనా అనిపిస్తోంది. మూత తీసేదాకా పోస్తాననుకోలేదు. నిన్ను ఈ చేతులతో పెంచాను పిచ్చుకా. ఆవిడ ముందు నన్ను దోషిలా నిలబెట్టేశావు."

పిచ్చుక సీసా పట్టుకుని అలాగే నిలబడింది. ఇవాళ్టి నుంచి ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎలా కూర్చోవాలో ఆమెకి తెలియలేదు.

లోపల్నుంచి మేస్త్రి తొంగిచూశాడు. సంగతి ఏమిటో పూర్తిగా తెలియకపోయినా, మొహాలు చూసి సగం గ్రహించినట్టున్నాడు. "అమ్మా... పంపులు ఆపేయమంటారా?"

బావ అక్క వైపు చూశాడు. పిచ్చుక నేల చూపులు చూసింది. ఆపేయమంటే ఇంక అంతే. మళ్లీ ఎవరూ మొదలుపెట్టరు.

అక్క వంగి, తడిసిన బూట్లు రెండూ విప్పి గోడ పక్కకి నెట్టింది. ఉత్తి కాళ్లతో గుమ్మంలో నిలబడి పెట్టెల వరస చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు.

"ఆపకు," అంది. "నేను పోసిందంతా పోనీ. ఆ తర్వాత వచ్చేదే మనది. మన పద్ధతి ఎంత మంచిదో ఇన్నాళ్లూ ఊరందరికీ చెప్పాను గానీ, నాకే తెలీదు."

పిచ్చుక వైపు చూడలేదు. చూడకుండానే, పొద్దుటి సీసా కోసం చెయ్యి చాచింది.